తుమ్మెలుక ఇచ్చిన మాట

మార్చి 4

ఎవరూ చదవరు కాబట్టి అందంగా రాయాల్సిన పని లేదు. ఆ ఒక్క ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను.

ఇవాళ గురువుగారికి ఫోన్ చేసి చెప్పేశాను, నాలుగో భాగంలో నేను ఉండనని. నా దెయ్యం సినిమాలన్నీ తీసింది ఆయనే. ఆయన ముందు నవ్వారు.

"నువ్వు లేకపోతే దెయ్యం వేషం ఎవరు వేస్తారమ్మా? నేనా?"

"మీరే వేసేయండి. మేకప్ ఖర్చు కూడా కలిసొస్తుంది" అన్నాను.

"మరి నువ్వేం చేస్తావు?"

"పిల్లలకి టీవీ ప్రోగ్రాం తీస్తాను."

 "పాపం పిల్లలు" అన్నారు. నేనూ నవ్వాను. ఏం చెయ్యను, మంచాయన. ఇన్నేళ్లూ నన్ను గోడల మీద పాకించారు, తాళ్లకి తలకిందులుగా వేలాడదీశారు, కళ్లల్లో తెల్ల లెన్సులు పెట్టించారు, ఒక్కసారి కూడా దెబ్బ తగలనివ్వలేదు.

నాలుగో భాగం వద్దనుకున్నది ఎందుకో ఆయనకి చెప్పలేదు. ఇక్కడ కూడా ఇవాళ రాయను.

మార్చి 7, ఆదివారం

అక్క ఇంటికి వెళ్లాను. నా బుడ్డది అక్క వెనక నిలబడి, చీర పట్టుకుని, ఒక్క కన్నుతో చూసింది. నేను చెయ్యి చాపితే ఆ ఒక్క కన్ను కూడా లోపలికి వెళ్లిపోయింది. తెచ్చిన బొమ్మని బల్ల మీద పెట్టి వచ్చేశాను.

షూటింగులన్నీ రాత్రిపూటే కాబట్టి అది పసిగుడ్డుగా ఉన్నప్పుడే అక్క దగ్గర ఉంచాను. (వాళ్ల నాన్న సంగతి రాయను. కాగితం దండగ.) అప్పట్లో నేను వెళ్తే ఎగిరి వచ్చి మెడకి చుట్టుకునేది. పోయినేడాది బావ తీరిగ్గా టీవీ ముందు కూర్చుని ఛానెళ్లు తిప్పుతుంటే రెండో భాగం వచ్చింది. మహానుభావుడు! దాన్ని పిలిచి, ఒళ్లో కూర్చోబెట్టుకుని మరీ, "ఇదిగోనే, మీ అమ్మ!" అని చూపించాడు. మరదలు టీవీలో కనిపిస్తోందని మురిపెం. సరిగ్గా అప్పుడే తెరమీద నా తల వెనక్కి తిరిగింది.

ఆ రోజు నుంచి ఇదే వరస. బావ ఇప్పటికీ నన్ను చూస్తే పేపరు అడ్డం పెట్టుకుంటాడు. తిట్టాలని వెళ్తాను, ఆ పేపరు చూసి ఊరుకుంటాను.

అది నా దగ్గరికి రావాలి. భయం లేకుండా రావాలి. మా ఇంట్లో, దానికని కట్టించిన ఆ చిన్న గదిలో పడుకోవాలి. నాలుగో భాగం వద్దన్నది అందుకే. ఇదిగో, రాసేశాను.

మార్చి 19

ఛానెల్‌వాళ్లు ఒప్పుకున్నారు! రెండే షరతులు. నా మొహం కనపడకూడదు. నా పేరు తెరమీద పడకూడదు.

"తల్లిదండ్రులు హడలిపోతారండీ" అంది హెడ్డు మేడమ్. నలభై దాటిన మనిషి, నా కళ్లల్లోకి చూడకుండా నా భుజంతో మాట్లాడుతోంది. "గొంతు మీదైనా పర్లేదు. గొంతుదేముంది, ఎవరు గుర్తుపడతారు?"

నవ్వుతూ సరే అన్నాను. నవ్వకుండా ఉండాల్సింది. ఆవిడ తన కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకుంది.

ఏప్రిల్ 6

దాని పేరు తుమ్మెలుక. బూడిదరంగు గుడ్డతో కుట్టిన చేతిబొమ్మ. ఒక చెవిలో దూది ఎక్కువ పడి అది ఎప్పుడూ వాలిపోయి ఉంటుంది. సరిచేస్తామంటే వద్దన్నాను. ఒక పాత బీరువా సొరుగులో కాపురం. ఏది తెరిచినా దానికి తుమ్మొస్తుంది. గొడుగు తెరిస్తే తుమ్ము, పెట్టె తెరిస్తే తుమ్ము, కొత్త పుస్తకం తెరిస్తే రెండు తుమ్ములు. తుమ్మితే లోపల ఉన్నదల్లా ఎగిరి బయట పడుతుంది. అదేమిటో పిల్లలు కనుక్కోవాలి. కథంతా ఇంతే.

బల్ల కింద బొమ్మలమ్మాయి చెయ్యి పైకెత్తి ఎలుకని ఆడిస్తుంది. పక్కనే చాప మీద మైకు పట్టుకుని నేను. ఇద్దరికీ ఊపిరి ఒక్కసారే ఆడాలి, లేకపోతే మూతి ఒకచోట మాట ఒకచోట అయిపోతుంది. ఆ పిల్ల నా గురువుగారి సినిమాలు ఒక్కటీ చూడలేదట. "నాకు భయమండీ" అంది. ఆ మాట నాతోనే అంటున్నట్టు దానికి తట్టలేదు. ఆ పిల్లంటే నాకిష్టం.

ఏప్రిల్ 14

కత్తెర వచ్చాడు. గురువుగారి సినిమాలన్నీ ఎడిట్ చేసిన వాడు. పిల్లల ప్రోగ్రాం అనగానే "పొద్దున్నే ఆఫీసుకొచ్చి సాయంత్రం ఇంటికెళ్లే ఉద్యోగమా! మా ఆవిడ మీకు దండం పెడుతుంది మేడమ్" అన్నాడు.

ఏప్రిల్ 27

మొదటి భాగం అయింది. ఆ తుమ్ము నా జీవితంలో చేసిన అన్ని అరుపుల కన్నా బాగా వచ్చింది. స్టూడియో అంతా చప్పట్లు.

కత్తెరకి నేనేమీ చెప్పక్కర్లేకపోయింది. మా ఇద్దరికీ అది ఒంట్లో ఉన్న పని. ముందు సంగీతం తీసెయ్యాలి. తర్వాత గడియారం. తర్వాత ఫ్యాను. చూసేవాళ్లకి తెలియకుండా గదిలో చప్పుళ్లన్నీ ఒక్కొక్కటే ఖాళీ చెయ్యాలి. చివర్న ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు ఒక్కటి ఉంచి, అక్కడ ఆగాలి. చూసేవాడు తనకి తెలియకుండానే ముందుకు వంగుతాడు. అప్పుడు వదలాలి. ఎలుక మూతి పైకెత్తి, ఊపిరి పీల్చి, ఆగి, ఆగి, తుమ్మింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని మురిసిపోయాం.

మే 11

అక్కడ కూర్చున్న పిల్లలంతా ఏడ్చారు.

మే 12

నిన్న చేతులాడలేదు. ఇవాళ రాస్తాను.

ఛానెల్ పద్ధతి అది. ప్రసారానికి ముందు ఒక బడి పిల్లల్ని తెచ్చి చూపిస్తారు. చాప మీద చిన్న చిన్నవాళ్లు, బుడ్డదాని ఈడే. నేను మాస్కు పెట్టుకుని మూలన నిలబడ్డాను. ఎలుక సొరుగులోంచి తల బయట పెట్టగానే కిలకిలా నవ్వారు. వాలిపోయిన చెవిని చూసి ఇంకా నవ్వారు. తర్వాత గొడుగు తెరిచింది. పసుపు గౌను పిల్ల ఒకతి లేచి, చూడకుండా, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్లి టీచరు ఒళ్లో మొహం పెట్టేసుకుంది. తుమ్ము పడేసరికి మిగతా వాళ్లు ఏడుపు అందుకున్నారు.

ఏసీ చలికి కొంత. నిద్రవేళ కూడా.

మే 13

మళ్లీ చూశాను. కత్తెర కూడా చూశాడు. ఎలుకలో ఏ తప్పూ లేదు. ఆ బడి పిల్లలే కాస్త పిరికివాళ్లు.

మే 15

వాళ్లు తుమ్ముకి చెవులు మూసుకోలేదు. తుమ్ముకి ముందే మూసుకున్నారు.

మే 18

కుదరట్లేదు. ఆగకుండా తుమ్మమంటే నాకు రావట్లేదు. ఊపిరి లోపలికి వెళ్లిందంటే చాలు, అక్కడ ఆగిపోతుంది. పొద్దున్నుంచి పదేపదే చేశాను. బల్ల కింద బొమ్మలమ్మాయి చెయ్యి వణకడం మొదలుపెట్టింది. నొప్పికి అనుకున్నాను. "నొప్పి కాదండీ, మీరు ఆగినప్పుడల్లా నాకు ఏదోలా ఉంటోంది" అంది.

హెడ్డు మేడమ్ ఇంకొక్క అవకాశం ఇచ్చింది. ఈసారి కూడా ఏడిస్తే గొంతు మార్చేస్తారట. కత్తెర నా వైపు చూడలేదు.

మే 23, ఆదివారం

వెళ్లాను. నన్ను చూడగానే బుడ్డది చేతిలో పాలగ్లాసు వదిలేసింది. గాజు పెంకులన్నీ అక్క ఏరింది. పోయేటప్పుడు గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"ఒక మాట చెప్తాను, కోప్పడకు. వచ్చేముందు ఫోన్ చెయ్యవే. తలుపు తీసేసరికి ఎదురుగా నిలబడి ఉంటావు. ముందే తెలిస్తే అదీ కాస్త కుదురుగా ఉంటుంది."

"నా కూతుర్ని చూసుకోడానికి నాకు అపాయింట్‌మెంటా?"

"అపాయింట్‌మెంటని నేనన్నానా?"

"అనక్కర్లేదు. పెంచావు కదా, ఇంక నీదే అయిపోయింది!"

అక్క తలుపు వెయ్యలేదు, నేను మెట్లు దిగేదాకా అక్కడే నిలబడింది. నా ఒళ్లు మండిపోయింది. దారంతా మండుతూనే ఉంది.

మే 25

ముందే చెప్పెయ్యాలి.

అంతే! ఎలుక దాచకూడదు. "అమ్మో, వస్తోంది... వస్తోంది... గట్టిగా పట్టుకోండి, వచ్చేస్తోంది!" అని అందరికీ చెప్పి మరీ తుమ్మాలి. మాట్లాడుతూ ఉంటే నేను ఆగడానికి సందే ఉండదు. ఫ్యాను చప్పుడు, గడియారం చప్పుడు, అన్నీ మళ్లీ పెట్టించాను. తీసేసినవన్నీ తిరిగి పెడుతుంటే కత్తెర "ఇల్లులా ఉంది మేడమ్" అన్నాడు.

ఈ ఆలోచన ఎలా వచ్చిందో నాకే ఆశ్చర్యంగా ఉంది.

జూన్ 3

నవ్వారు. మొత్తం చాపంతా ఎలుకతో కలిసి "వచ్చేస్తోంది, వచ్చేస్తోంది" అని అరిచింది. పసుపు గౌను పిల్ల ఇవాళ నీలం గౌనులో వచ్చింది. లేచి నిలబడి తనే తుమ్మింది.

బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. మాస్కు తడిసిపోయింది.

జూన్ 13, ఆదివారం

ఈసారి ముందుగా ఫోన్ చేసి వెళ్లాను. గొడవలెందుకు.

ప్రోగ్రాం మొదలై వారమైంది. బుడ్డది టీవీకి అతుక్కుపోతోందట. సొరుగులన్నీ తెరిచి తుమ్ముతోందట. బావ కళ్లజోడు పెట్టె తెరిచి, ముక్కుపొడుం పీల్చినట్టు తుమ్మి, కళ్లజోడు సోఫా కిందకి విసిరేసిందట. చెప్తూ అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. బావ పేపరు కొంచెం కిందకి దించాడు.

అక్కకి తెలుసు ఆ గొంతు నాదని. దానికి చెప్పొద్దన్నాను. సమయం చూసి నేనే చెప్తాను.

నేను హాల్లో కూర్చుంటే అది లోపలి గదిలోంచి రాలేదు. కానీ తలుపు వెనక "వస్తోంది... వస్తోంది..." అని వినిపిస్తోంది. నా పదాలు, నా విరుపు, అచ్చంగా నేనే. ఆ గొంతుతో జవాబివ్వబోయి నోరు నొక్కుకున్నాను. ఇంత దగ్గరికి వచ్చాను. తొందరపడకూడదు.

జూన్ 22

గురువుగారు ఫోన్ చేశారు. కొత్త దెయ్యం అరవమంటే దగ్గుతోందట. "ఒక్క వారం రావమ్మా, నీ పేరు చెప్తే ఇప్పటికీ హాలు నిండుతుంది."

"గొంతు ఖాళీ లేదండీ" అన్నాను. ఎంత హాయిగా ఉందో ఆ మాట అంటుంటే.

జూన్ 29

ఎలా చెప్పాలో తేల్చుకున్నాను. బొమ్మలమ్మాయిని అడిగి ఎలుకని ఇంటికి తెచ్చుకుంటాను. తలుపు వెనక కూర్చుని, ముందు వాలిపోయిన చెవి మాత్రం చూపిస్తాను. తర్వాత ఎలుక. ఎలుక చెప్తుంది, "బుడ్డీ, నాకింద ఒక చెయ్యి ఉంది, చూపించనా?" అని. ఒప్పుకుంటేనే చెయ్యి. తర్వాత "చేతికి ఒక భుజం ఉంది, చూపించనా?" అని. మొహం చిట్టచివర. అన్నీ ముందే చెప్పి చెప్పి. గంటైనా పర్వాలేదు, రోజంతా పట్టినా పర్వాలేదు.

చిన్నగదికి కొత్త దుప్పటి కొన్నాను. ఎలుక రంగు.

జులై 8

రేపటి నుంచి ప్రతి శుక్రవారం ప్రత్యక్ష ప్రసారం. పిల్లలు ఫోన్ చేసి ఎలుకతో మాట్లాడొచ్చు. హెడ్డు మేడమ్ నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. ఇప్పుడు నా కళ్లల్లోకే చూస్తోంది.

అక్కకి ఫోన్ చేసి ఆదివారం వస్తున్నానన్నాను. దానికి కూడా చెప్పమన్నాను. ఎలుకని తెచ్చుకోవడానికి ఒప్పుకున్నారు. ఈ ఆదివారమే.

జులై 9, శుక్రవారం

బుడ్డది ఫోన్ చేసింది.

జులై 10

నిన్నటిది రాస్తాను. రాయకపోతే ఇంకోలా గుర్తుంచుకుంటానేమో.

మొదట ఎవరో బాబు, ఏమీ మాట్లాడకుండా ఊపిరి పీల్చి పెట్టేశాడు. తర్వాత ఒక పాప పాట పాడింది. మూడో ఫోన్‌లో "హలో ఎలుకా" అనగానే నాకు తెలిసిపోయింది. 

"హలో! ఎవరమ్మా నువ్వు?"

"బుడ్డిని. పెద్దమ్మ ఫోన్ కలిపిచ్చి వంటింట్లోకి వెళ్లింది. ఎలుకా, నీకు చాలా బలమా?"

"బలమా! నేను తుమ్మితే తలుపులే ఊడిపోతాయి."

"అయితే మా అమ్మ ఆదివారం వస్తానంది. రాకుండా తుమ్ముతావా?"

స్టూడియోలో ఎవరో కిసుక్కున నవ్వారు. బొమ్మలమ్మాయికి ఏమీ తెలియదు, ఎలుక తలని ముద్దుగా పక్కకి వంచింది. మూతి ఆడాలి, నేను మాట్లాడాలి.

"అమ్మంటే ఇష్టం లేదా?"

"ఇష్టమే. బొమ్మలు తెస్తుంది. కానీ అమ్మ తల వెనక్కి తిరుగుతుంది."

"నీ ముందు ఎప్పుడైనా తిరిగిందా?"

"ఇంకా తిరగలేదు."

ఇంకా, అంది. ఎదురుచూస్తోంది నా తల్లి. నేను వెళ్లిన ప్రతి ఆదివారం అక్క చీర పట్టుకుని దానికోసం ఎదురుచూస్తోంది.

"తిరగదేమో" అన్నాను. ఎలుక గొంతులోనే అన్నాను.

"తిరుగుతుంది. నువ్వైతే ముందే చెప్తావు కదా వస్తోంది, వస్తోంది అని. అమ్మ చెప్పదు. చెప్పకుండా చూస్తూ ఉంటుంది."

చెవిలో మేడమ్ గొంతు: "బాగుంది, బాగుంది, ఇంక ముగించండి."

"రాకుండా చేస్తావా ఎలుకా?"

"చేస్తాను."

"ఒట్టు?"

"ఒట్టు."

తర్వాత తుమ్మాలి కదా, ప్రోగ్రాం. "వస్తోంది..." అన్నాను. "వస్తోంది" అంది అది. "వచ్చేస్తోంది!" అన్నాం. ఇద్దరం ఒకేసారి తుమ్మాం. అది పడీ పడీ నవ్వింది. నా మెడకి చుట్టుకునే రోజులప్పటి నవ్వే అది. ఇన్నాళ్లకి దాన్ని నేను నవ్వించాను.

అందరూ నన్ను మెచ్చుకున్నారు. "ఆ పాపతో ఎంత బాగా మాట్లాడారండీ!" అంది బొమ్మలమ్మాయి. కత్తెర మాత్రం బుడ్డదాన్ని ఎత్తుకున్న మనిషి కదా, గుర్తుపట్టాడు. టీ తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

జులై 10, సాయంత్రం

పిల్లల మాటలకి అంత అర్థాలు తియ్యకూడదు. రేపు వెళ్తాను. ఎలుకని సంచిలో పెట్టి గుమ్మం దగ్గర ఉంచాను. ఎలుకని చూస్తే అన్నీ మరిచిపోతుంది. అనుకున్నట్టే ముందు చెవి, తర్వాత చెయ్యి.

జులై 10, ఇంకాస్త

చెయ్యి దాకా సరే. మొహం దగ్గరికి వచ్చేసరికి? నన్ను రానివ్వనన్న ఎలుకే నన్ను తీసుకొచ్చిందని దానికి తెలుస్తుంది. ఎలుక లోపల నేనున్నానని తెలుస్తుంది. ఒకటి నవ్వుతూ ఉంటే దాని లోపల ఇంకొకటి ఉండటం. ఆ పిల్ల భయపడుతున్నది దానికే.

అప్పుడు దానికి ఎలుక కూడా ఉండదు.

సంచి గుమ్మం దగ్గరే ఉంది. తీసి లోపల పెట్టలేదు.

జులై 11, ఆదివారం

వెళ్లలేదు.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"ఏమే, రాలేదేం? ఒంట్లో బాలేదా?"

"కాస్త నలతగా ఉందక్కా."

"ముందే చెప్పొద్దూ! ఇది చూడు, పొద్దుట్నుంచీ కిటికీ దగ్గరికి పరిగెత్తడం, వీధి చూడటం, గంతులెయ్యడం. 'ఎలుక మాట నిలబెట్టుకుంది పెద్దమ్మా' అంటోంది. అన్నం కూడా మారాం చెయ్యకుండా తినేసింది. ఏం మాటిచ్చావే దానికి?"

"ఏదో ప్రోగ్రాంలో మాట. పిల్లల మాట."

వెనక నుంచి వినిపించింది, "ఎవరు పెద్దమ్మా?" అని.

"అమ్మే. మాట్లాడతావా?"

అప్పటిదాకా టీవీ వినిపిస్తోంది. బావ దగ్గు వినిపిస్తోంది. గంతులు వినిపిస్తున్నాయి. ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరికి అది ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు ఒక్కటి మిగిలింది. అక్కడ ఆగింది.

"వద్దులే అక్కా, పడుకుంటాను" అని పెట్టేశాను.

"వచ్చే ఆదివారం?" అని అక్క మెసేజ్ పెట్టింది. వచ్చేలా ఉంటే ముందే చెప్తానన్నాను. సంచిలోంచి ఎలుకని తీసి, వాలిన చెవి నలిగితే దువ్వి, చిన్నగదిలో మంచం మీద పడుకోబెట్టాను. దుప్పటి కప్పాను.

రేపు పొద్దున్నే రికార్డింగు ఉంది, కొత్త డబ్బా తెరిచే భాగం. గొంతు కాస్త పట్టేసింది. వేడినీళ్లు తాగాలి.